దుమ్ము తినే పని

నేను ఒక దుమ్ము కొలిచే యంత్రాన్ని. గాలి పీల్చడానికి ఒక మోటారు, నెత్తిన రేకు గొడుగు, కడుపులో తెల్ల కాగితం. అంతే నా ఆస్తి. గాలిలోని దుమ్మును ఆ కాగితం మీద పట్టి చూపిస్తాను. గనికి పర్యావరణ అనుమతి ఇవ్వాలో వద్దో పెద్దలకు తేలనప్పుడల్లా నన్ను జీపెక్కిస్తారు. మనుషులు దగ్గి చెబితే నమ్మరు గానీ, నేను చెబితే నమ్ముతారు.

అలా ఎన్నో చేతులు మారి బేతంచెర్ల వైపు ఎర్రమిట్ట అనే ఊరికి వచ్చాను. అక్కడి నాపరాయి గని అనుమతి రాక మూతపడి ఉంది. పాలిష్ ఫ్యాక్టరీల లారీలు మాత్రం ఊరి మట్టిరోడ్డును దున్నుతూనే ఉన్నాయి. నన్ను సుంకులమ్మ మిద్దె మీద పెట్టారు. ఆమె భర్త మద్దిలేటి గనిలో రాయి కోసేవాడు, ఇప్పుడు పని లేదు. చంకలోని బిడ్డకు దగ్గు తగ్గడం లేదు.

సర్కారు వస్తువు మాసిపోతే మాట పడాల్సి వస్తుందని సుంకులమ్మ తన చీర నాకు నిండా చుట్టింది. మర్నాడు టెక్నీషియన్ కరీముల్లా నా కడుపు తెరిస్తే కాగితం పెళ్లికొడుకు పంచెలా మెరిసింది.

“ఏం పని చేసినావమ్మా! దుమ్ము తినేదానికి మూతి కడ్తారా?”

“ఇంటికొచ్చినదాన్ని మట్టిలో ఇడిచిపెడ్తామా సార్?”

మద్దిలేటి ముఖం వెలిగింది. “అదే రాసుకో సార్. గాలి బాగుందంటే గని బిరీన తెరుస్తారు.”

కరీముల్లా ఆ కాగితాన్ని తీసి పక్కన పడేశాడు. సుంకులమ్మే అందుకుంది. “గని నాకూ కావాల. పిల్ల ఇట్ల దగ్గుతాంటే గాలి బాగుందని ఎట్ల రాపిస్తావు? ఉన్నది రాస్తే రోడ్డుకు నీళ్లన్నా కొట్టిస్తారు.”

“అంతవరకు ఏం తినాల?”

“టమేటా కోతకు నేను పోతా. నువ్వు పిల్లను ఎత్తుకో. బండలు మోసేటోనికి బిడ్డ బరువా?”

కొత్త కాగితం వేశారు. ఈసారి ఆబగా తిన్నాను. కాగితం బూడిద రంగుకు తిరిగింది.

అనుమతి ఇంకా ఆలస్యమైంది. ఇప్పుడు మోటారు కాలిపోయి గోదాములో మూలన ఉన్నాను. మొన్న కరీముల్లా ఎవరితోనో చెబుతుంటే విన్నాను. వానలు వెళ్లాక, రోజూ రోడ్డు తడిపాకే బండ్లు తిప్పాలనే షరతుతో గని తెరిచారట. మొదటిరోజే ట్యాంకరు రాకముందే లారీ బయల్దేరితే సుంకులమ్మ బిడ్డతో అడ్డం నిలబడిందట. డ్రైవరు హారన్ మోగించాడట.

“నీ హారన్ ఇనపడుతాండాది లేప్పా. నీళ్లే కనపడల్యా.”

గని పనికి పోతూ ఆ లారీలోనే కూర్చున్న మద్దిలేటి కిందికి దిగి, ట్యాంకరును పిలుచుకు రావడానికి పరిగెత్తాడట.