ఐదు లెక్కపెట్టేదాకా

"ఏమే, తువ్వాల చుట్టినావా?"

మంచం మీద నుంచి ఆయన కేకేస్తే పొయ్యి మీద ఎసరు వదిలేసి పరిగెత్తడం ఆ ఆరు వారాలూ నా పని. పరిగెత్తడం అంటున్నాను గానీ, గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, పళ్లు బిగబట్టి పోవడమే. ఉదయగిరిలో మా ఇంట్లో వంటగదికీ మంచానికీ నడుమ పదకొండు అడుగులు. వేరే ఎవర్నడిగినా చెప్పలేరు. నా మోకాళ్లకు తెలుసు.

తొంభై ఆరులో సంగతి. మా ఆయన కొండలయ్యకు మోకాలు నొప్పిగా ఉందంటే మా పెద్దోడు జయపాల్ ఆత్మకూరు తీసుకుపోయాడు, తోడుగా నేను. అక్కడ ఎక్స్‌రే తీసేచోట, "నాయనా, అమ్మ కూడా కుంటతా ఉండాది, ఆమెకీ ఒకటి తీయిద్దాం" అన్నాడు వాడు. "దానికేంరా, ఇనప మనిషి" అంటూనే తీయించాడు ఆయన. నా ఫోటో ఏమైందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయనది చూసి మాత్రం, నెలకోసారి అక్కడికొచ్చే మద్రాసు డాక్టరు, "ఎముకకు ఎముక రాసుకుంటోంది, కీలు మార్చాల్సిందే" అన్నాడు. కాలు పట్టి చూడబోతే, చెయ్యి తగలకముందే మా ఆయన అబ్బా అన్నాడు. బయట అరవై మంది కూర్చుని ఉన్నారు. డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆపరేషన్ మద్రాసులో, ఆరు వారాల తర్వాత. ఈలోగా తొడ కండ బలపడాలి, లేకుంటే కొత్త కీలు పెట్టినా మనిషి తొందరగా లేవలేడని ఎక్సర్‌సైజులు చూపించి పంపారు. వెల్లకిలా పడుకుని, చుట్టిన తువ్వాల మోకాలి కింద పెట్టి, తొడ బిగించి కిందికి నొక్కాలి. ఐదు లెక్కపెట్టేదాకా వదలకూడదు. అట్లా పదిసార్లు. తర్వాత కాలు వంచకుండా జానెడెత్తు లేపి మళ్లీ ఐదు. రోజుకు మూడు పూటలు.

ఆయన పడుకునేవాడు. నేను నేల మీద కూర్చుని, నిజంగా నొక్కుతున్నాడో లేదో తువ్వాల కింద చెయ్యి పెట్టి చూస్తూ లెక్కపెట్టేదాన్ని. లేచేటప్పుడు మంచం కోడు పట్టుకుని లేస్తే నోట్లోంచి మూలుగొచ్చేది. "నువ్వట్లా మూలిగితే నా లెక్క తప్పతాది" అనేవాడు. లెక్కపెట్టేది నేనైతే ఆయన లెక్క ఎట్లా తప్పుతుందో నాకర్థం కాలేదు.

ఒకనాడు ఆయన బజారుకు పోయినప్పుడు, నాకూ చేసి చూద్దామనిపించి మంచమెక్కాను. తువ్వాల నొక్కితే తొడలో సన్నగా ఒక నరం మేలుకున్నట్టయింది. రెండోసారి నొక్కేలోపే ఆయన వాకిట్లో ఉన్నాడు. "ఏంది, పట్టపగలు పడకేసినావు? జొరమా?" కాదన్నాను. "మరి లెయ్." లేచాను. అప్పటికి నా అరవై ఏళ్లలో, పురుళ్లప్పుడు తప్ప, పగలు మంచం మీద నడుం వాల్చింది ఆ ఒక్క నిమిషమే.

ఆరు వారాలూ అయ్యాక ముగ్గురం మద్రాసు పోయాం. అదే డాక్టరు. ఈసారి మా ఆయన కాలు నిదానంగా వంచి చూశాడు. మడమ పోయి పిర్రకు తగిలింది. డాక్టరు మొహం మారింది. ఇంకో ఫోటో తీయించి రెండూ పక్కపక్కన పెట్టి, "ఇవి ఒకరివి కావు. ఈ పాతది ఎవరి మోకాలు?" అన్నాడు.

జయపాల్ వాళ్ల నాయన వైపు చూశాడు. ఆయన మెడ గోక్కున్నాడు. "ఆత్మకూర్లో చీటీ రాసేవాడు ఆమె పేరడిగినాడు సార్. మా ఆడమనిషే గదా, నా పేరే రాసుకోమన్నాను." మా తరంలో మొగుడు పెళ్లాం పేరు నోటితో పలకడు. రెండు కవర్ల మీదా కొండలయ్యే. పైనున్నది, నాది, డాక్టరు చేతికి పోయింది.

డాక్టరు నన్ను పది అడుగులు నడిపించాడు. "ఇన్నాళ్లూ ఎట్లా నడిచావమ్మా?" అన్నాడు. ఆ మాట నన్ను ఎవరూ అడిగి ఉండలేదు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు: "ఇంటిపనికి అలవాటుపడ్డ కాలు సార్. ఆమెకేం గాదు."

"ఆపరేషన్ కావాల్సింది ఈమెకు. ఆరు వారాలు ఎక్సర్‌సైజులు చేయించి తీసుకురండి" అన్నాడు డాక్టరు.

"చూద్దాంలే సార్."

ఆ ఆదివారం గుళ్లో పాస్టరు వరప్రసాదం అయ్యగారు దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు లేవమంటే మా ఆయన లేచాడు. కుంటకుండా ముందుకు నడిచాడు. "మోకాలు అరిగిపోయిందని ఫోటోలో చూపించినారు. నలభై రెండు దినాలు దేవుని కోసం కనిపెట్టుకొని ప్రార్థన చేసినాను. కొత్త ఫోటోలో మచ్చ గూడా లేదు" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అప్పటికి ఆయన దాన్ని నిజంగానే నమ్మేశాడు. గుడి మొత్తం స్తోత్రం అంది. ఆడవాళ్ల చాప మీద కూర్చుని నేనూ అన్నాను. ఆయన మీద నాకంత కోపం లేదు. నా నోరు ఆ మాట అన్నందుకే ఈనాటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

తర్వాత అందరినీ మోకరించమన్నారు. మోకరించాను. ప్రార్థన అయ్యాక లేవలేకపోయాను. పక్కనున్న రెబెకమ్మ చంకల కింద చేతులేసి లేపింది.

ఇంటికొచ్చి అన్నం పెడుతూ అడిగాను. "ఏమయ్యా, ఆ పొద్దు ఆత్మకూర్లో నా పేరెందుకు చెప్పలేదు?"

ఆయన కోప్పడలేదు. ముద్ద కలుపుతూ, నిజంగానే ఆలోచించి, "నీ పేరుతో పనేం పడిందే, ఎప్పుడన్నా?" అన్నాడు. కసిరి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో ఆయన నాకు ఆలోచించి చెప్పిన జవాబు అదొక్కటే.

మర్నాడు ఆయన బువ్వకు రాకముందే పెట్టెలోంచి నా ఫోటో ఉన్న ఆ పాత కవరు తీశాను. మిషను బడిలో రెండో తరగతి దాకా చదివాను. పెన్సిలుతో ఆయన పేరు కొట్టేశాను. లి, ది, య వచ్చాయి. మ కింద వత్తు దగ్గర చెయ్యి ఆగింది. కాసేపటికి అదీ వచ్చింది. లిదియమ్మ. నా పేరు అంత పెద్దదని నాకు తెలియదు.

మంచమెక్కి తువ్వాల చుట్టి మోకాలి కింద పెట్టుకున్నాను. నొక్కాను. ఒకటి. చెప్పుల చప్పుడు వినిపించింది. రెండు. "ఏమే, జొరమా? కూడెక్కడ?" అంటూ ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

నేను మూడు దగ్గరున్నాను. ఐదు లెక్కపెట్టేదాకా వదలకూడదు.