కుంటెద్దు ఇల్లు చేరేదాకా

వ్యాయామాల మేడం క్రిస్టీనా అన్నది ఒకటి, రుద్రప్ప చెవికి చేరింది మరొకటి. ముప్పై ఏళ్లు ట్రాక్టరు నడిపిన చెవులవి. ఎడమ చెవి ఎప్పుడో రాజీనామా ఇచ్చింది. కుడి చెవి మనసు పుట్టినప్పుడు డ్యూటీకి వస్తుంది.

"మినీ ఆచారి గేమ్స్ ఆడించాల్నంట," దవాఖాన మెట్లు దిగుతూ భార్య బసలింగమ్మతో అన్నాడు.

"గా ఆచారి ఎవరు?"

"నాకేం ఎరుక. మినీ అంటున్నదంటే పొట్టోడై ఉంటడు."

మళ్లీ లోపలికి వెళ్లి అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు. ఆ ఒక్క మాట సరిగ్గా వినబడలేదు గాని, అంతకుముందు మేడం చెప్పినవన్నీ వినబడకపోతే బాగుండుననిపించేంత బాగా వినబడ్డాయి.

తొమ్మిదేళ్ల మనవరాలు సుమంగళకు ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. మిగిలిన మోకాలు వంగి బిగుసుకుపోతున్నది. నొప్పి తగ్గుతుందని బసలింగమ్మ రెండు నెలలుగా దాని కింద మెత్త పెడుతున్నది. తలకింద పెట్టుకునే మెత్తే, దూది మెత్త. ఆ మెత్తే మోకాలిని గట్టిపరిచింది.

"మెత్త తీసేయండి," అన్నది క్రిస్టీనా. "రోజుకు ఐదుసార్లు, అరగంట చొప్పున బోర్లా పడుకోబెట్టాలె. మోకాలు సాఫ్‌గ ఉండాలె. నెలన్నరకు పెట్టుడు కాలు కొలతలు తీసేటోళ్లొస్తరు. అప్పటికి గిట్లనే వంగి ఉన్నదనుకో, కాలు పట్టదు. నేను చెప్పేది చెప్పిన."

ఆ పిల్ల దేనికైనా ఒప్పుకుంటుంది గాని బోర్లా పడుకోవడానికి మాత్రం ఒప్పుకోదు. ఆ రోజు కల్హేరు రోడ్డు మీద అది పడ్డది బోర్లానే.

మార్చి నెల, జొన్నబస్తాలతో కల్హేరు సంతకు బయలుదేరిన రోజు. ట్రాక్టరు నడిపింది రుద్రప్ప, పక్కన మడ్గార్డు మీద సుమంగళ. ఇంట్లో కన్నడ, బజారులో తెలుగు, బేరంలో ఉర్దూ నడిచే తమ సరిహద్దు ఊరు ఖేడ్‌లో రుద్రప్ప మూడింటినీ ఒకే నాగలికి కట్టి దున్నేవాడు. "మాది ఖేడ్, ఖేదం మాకు పడది" అని పెండ్లిళ్లలో నవ్వించేవాడు. ఆ రోజూ ఊరుకోలేదు. పక్కకు తిరిగి, "కల్హేరుకు ఆజ్ ఎట్ల పోతం బిడ్డా, పేరులనే కల్ ఉన్నది గద, రేపు పోవాలె గాని," అన్నాడు. పిల్ల తల వెనక్కేసి నవ్వింది. ముందు చక్రం గుంతలో పడింది. మాట జారితే వెనక్కి తీసుకోలేమంటారు. మనిషి జారినా అంతే. ట్రాలీ చక్రం ఆగేసరికి కావలసినంత దూరం పోయింది.

ఆ నాటి నుంచి రుద్రప్ప మాటలతో ఆడుకోవడం మానేశాడు. కొడుకు, పిల్ల తండ్రి అయిన నందీశ్వర్ రుద్రప్పతో మాట్లాడటమే మానేశాడు. ట్రాక్టరు అమ్మేశాడు. తండ్రికి చెప్పవలసిందేమైనా ఉంటే తల్లికి చెబుతాడు, తండ్రి పక్కనే ఉన్నా సరే. "అమ్మా, నాయినను అన్నం తినమను." బసలింగమ్మ ఇంట్లో టెలిఫోను ఆఫీసు నడిపినట్టే ఉన్నది.

ఆడించమన్నది మేడం. కాబట్టి రుద్రప్ప ముందు అంజద్ బొమ్మల దుకాణానికి వెళ్లాడు. అంజద్ పాపం ఉన్నదంతా దించాడు. తాడాట తాడు, ఫుట్‌బాల్, చక్రాల బూట్లు, మూడు చక్రాల సైకిలు. దించినకొద్దీ అతని చేతులు నెమ్మదించాయి. బొమ్మల దుకాణం నిండా కాళ్లతో ఆడే ఆటలే ఉంటాయని ఇన్నేళ్ల వ్యాపారంలో అతనికీ ఆ రోజే తెలిసింది.

"పండుకోని ఆడేటివి ఏం లేవా అంజద్?"

"ఫోన్ చాచా," అన్నాడు అంజద్, అనేసి నాలిక కరుచుకున్నాడు. సుమంగళ చేస్తున్నదదే. పక్కకు ముడుచుకొని, మోకాలు కడుపులోకి లాక్కొని, పొద్దంతా ఫోను.

"మినీ ఆచారి అంటే ఎవరో ఎరుకనా నీకు?"

అంజద్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మోనాచారి గాక ఇంకెవరు. నేను చెప్పిన్నని చెప్పకు."

వడ్ల మోనాచారి నాలుగున్నర అడుగుల మనిషి. కోపం మాత్రం ఆరడుగులు. వెనక అతన్ని ఎన్ని పేర్లతో పిలిచినా ముందు మాత్రం ఊరంతా పూర్తి పేరుతో పిలుస్తుంది. రుద్రప్ప వెళ్లేసరికి అతను తలుపు చెక్క చిత్రిక పడుతున్నాడు.

"దవాఖాన మేడం నిన్ను కలవమన్నది ఆచారీ. మినీ ఆచారి గేమ్స్ నీ తానే దొరుకుతయంట."

చిత్రిక ఆగింది. "ఏమాచారి?"

"మినీ."

"రుద్రప్పా, నీ ఇంట్ల గంత కష్టమున్నదని ఊకుంటున్న. లేకుంటే గీ బాడిస నీ నెత్తి మీద ఉండు."

"నేనంటలేను. మేడం అన్నది."

"నా పొడుగు ఆమెకెట్ల ఎరుక?"

ఒకప్పుడైతే దానికి రుద్రప్ప పది జవాబులు చెప్పేవాడు. ఇప్పుడు తల వంచుకొని, పిల్ల బోర్లా పడుకోనంటుందని, నెలన్నరే ఉందని, ఏదైనా చిన్న ఆట ఉంటే చెప్పమని అడిగాడు. మోనాచారి బాడిస పక్కన పెట్టాడు. టేకు ముక్క ఒకటి వెతికి నునుపు చేసి, జానెడు ఎత్తు కాళ్లు కొట్టి పీట చేశాడు. దాని మీద ఉలితో గీతలు గీసి, అడ్డం నాలుగు, నిలువు ఎనిమిది గళ్లు తీశాడు.

"గింతే నాతోని అయ్యేది. బొమ్మలు చెక్కుడు నాకు రాదు. ఎల్లుండి మీ మట్టెద్దుల అమాస గద. ఇంట్ల ఎద్దులు చేస్తరు గద ఎట్లయినా. గవ్వే పెట్టు."

పైసలివ్వబోతే తీసుకోలేదు. "మినీ అన్నందుకు నీ మీద కోపమున్నది. కోపమున్నోని పైసలు నాకొద్దు."

జ్యేష్ఠ అమావాస్యకు రుద్రప్ప వాళ్లు నల్లరేగడి మట్టితో ఎద్దుల జతను చేసి పూజ చేస్తారు. మరునాడు పిల్లలు మట్టి ఎద్దుల్లో ఒకదాని కాలు విరిచి, ఆ కుంటెద్దును పళ్లెంలో పెట్టుకొని ఇంటింటికీ తిరుగుతారు. మంద వెనకాల కుంటెద్దు మిగిలిపోయింది, దానికింత జొన్నలు పెట్టండమ్మా అని పాట పాడుతూ అడుగుతారు. అన్ని ఇళ్ల జొన్నలూ కలిపి వండుకొని తింటారు. పోయిన ఏడాది ఆ పళ్లెం పట్టుకొని ముందు నడిచింది సుమంగళే.

అమావాస్య నాడు బసలింగమ్మ మట్టి కలిపింది. రుద్రప్ప పూజ జతతో పాటు ఆటకని మరో ఆరు బొటనవేలంత ఎద్దులు చేశాడు. ఒక్కొక్క దానికి నాలుగు కాళ్లూ బలంగా పెట్టాడు. ఎండలో పెట్టి గంటకోసారి వెళ్లి కాళ్లు లెక్క చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున అతను ఇంకో పని చేశాడు. వీధి మొదట్లోనే నిలబడి, పళ్లెం పట్టుకొని వస్తున్న పిల్లలను ఆపాడు. అడిగిన దానికి నాలుగింతల జొన్నలు పోశాడు. "మా ఇంటి దిక్కు పోవద్దు బిడ్డా. గిటు నుంచి గిటే పోండ్రి." పిల్లలు తలకాయలూపి పక్క సందులోకి తిరిగారు. పాట కూడా ఆపారు. రుద్రప్ప ఊపిరి పీల్చుకొని ఇంటికొచ్చాడు.

సుమంగళ మంచం మీద లేచి కూర్చొని ఉన్నది. చాలా రోజుల తర్వాత ఫోను పక్కన పెట్టింది.

"ముత్యా," అన్నది. తాతను అలాగే పిలుస్తుంది, ఆ ఇంటి కన్నడంలో ముత్యా అంటే తాత. "అందరిండ్లకు పోతున్నరు. మనింటికెందుకు వస్తలేరు?"

రుద్రప్ప గోడ వంక చూశాడు.

"నువ్వు పంపించినవా?"

"ఎండ బాగున్నదని..."

"నువ్వే పంపించినవ్."

పిల్ల చెయ్యి చాచి పీట మీది ఎద్దుల్లో ఒకదాన్ని తీసుకుంది. చుట్టూ తిప్పి చూసింది. బొటనవేలితో దాని వెనక ఎడమ కాలు నొక్కింది. ఇంకా పూర్తిగా ఎండని మట్టి, చప్పుడు లేకుండా ఊడింది. బసలింగమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నది. గుమ్మంలో నిలబడ్డ నందీశ్వర్ బయటకు వెళ్లిపోయాడు.

"గిప్పుడు మనింట్ల కూడ ఉన్నది," అన్నది సుమంగళ. "ఆట ఎట్లనో చెప్పు."

రుద్రప్ప చెప్పాడు. పీట మీద గళ్లు చేను. అటు చివర ఎద్దులు, ఇటు చివర కొట్టం. నాలుగు చింతగింజలు, ఒక పక్క అరగదీసి తెల్లగా చేసినవి. వేస్తే ఎన్ని తెలుపులు పడితే ఎద్దు అన్ని గళ్లు నడుస్తుంది. నాలుగూ నలుపే పడితే మబ్బు ఒక గడి ముందుకొస్తుంది. మబ్బు కొట్టం మీదికొస్తే వాన, వానొస్తే మట్టి ఎద్దులు కరిగిపోతాయి. ఇద్దరూ ఒకే పక్షం, ఎదురు పక్షం మబ్బు. ఆ మబ్బు కోసం బసలింగమ్మ లోపలికి వెళ్లి మెత్త కుట్లు విప్పి దూది తెచ్చింది. ఆ మెత్త మళ్లీ కుట్టలేదు.

"గీ ఆట కింద బోర్లా పండుకోనే ఆడాలె," అన్నాడు రుద్రప్ప. "కండ్లకు సరిగ పీట ఉంటే ఎద్దులు నిజం ఎద్దులంత కనబడతయి." ముందు తానే పడుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల బొజ్జ నేలకు ఒప్పుకోక అటూ ఇటూ ఊగింది. పిల్ల నవ్వలేదు. తర్వాత తల్లి సౌందర్యను పిలిచి, "నన్ను దించు," అన్నది.

బోర్లా వేయగానే ఒళ్లంతా వణికింది. పిడికిళ్లు బిగించింది. సౌందర్య మోకాలిని మెల్లగా నేలకు అదిమి పట్టుకుంది. పిల్ల పళ్ల మధ్య నుంచే అన్నది:

"కుంటెద్దు నీది ముత్యా. నువ్వే నడపాలె. అది ఇల్లు చేరేదాకా జోకులెయ్యొద్దు."

ఆ పిల్లకు ఆ రోజు సంగతి గుర్తు లేదని, పడగానే స్పృహ తప్పిందని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. రుద్రప్ప చింతగింజలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఎయ్యను బిడ్డా," అన్నాడు.

రోజుకు ఐదు ఆటలు. ఖేడ్‌లోకెల్లా ఎక్కువ మాట్లాడే నోరు నేల మీద గడ్డం ఆనించి మాటెత్తకుండా ఎద్దును నడిపింది. కుంటెద్దు మూడు కాళ్ల మీద నిలవదు, ప్రతి గడిలో ఒరిగిపోతుంది, ప్రతిసారీ వేలితో లేపి నిలబెట్టాలి. చాలా ఆటల్లో మబ్బే గెలిచింది. గెలిచిన ప్రతిసారీ సుమంగళ నీళ్లు చిలకరించేది, నియమం నియమమే. కరిగిన ఎద్దులను మళ్లీ చేయడం, కుంటెద్దుకు మూడే కాళ్లు పెట్టడం రుద్రప్ప పని. మొదటిసారి అలా మూడు కాళ్లు పెట్టినప్పుడు పెరట్లోకి వెళ్లి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

నొప్పికి పిల్ల అరిచిన రోజులున్నాయి. గింజలు విసిరికొట్టిన రోజులున్నాయి. ఒక రోజు నందీశ్వర్ వచ్చి కూతురి పక్కన బోర్లా పడుకున్నాడు. తండ్రికి ఎదురుగా, మూరెడు దూరంలో. "అమ్మా, గింజలు ఇటియ్యమను," అన్నాడు. రుద్రప్ప ఇచ్చాడు.

శ్రావణంలో కొలతలవాళ్లు వచ్చారు. ఆటోలో ఇంటిల్లిపాదితో పాటు మోనాచారి కూడా ఎక్కాడు. పెట్టుడు కాలు చెక్కతో చేస్తారో దేనితో చేస్తారో చూడాలట. క్రిస్టీనా పిల్లను బల్ల మీద పడుకోబెట్టి మోకాలి దగ్గర కోణం కొలిచే పరికరం ఆనించింది. రెండోసారి ఆనించింది. రుద్రప్పకు రెండు చెవులూ ఒక్కసారిగా పనిచేయడం మొదలుపెట్టాయి. బయట ఆటో హారను, పక్క గదిలో ఎవరిదో దగ్గు, అన్నీ వినబడ్డాయి.

"కొంచెం వంకర మిగిలింది," అన్నది మేడం. "అయినా కాలు పడుతది. కొలత తీయమంట."

"కుంటుతనా?" అడిగింది సుమంగళ.

క్రిస్టీనా అబద్ధం చెప్పలేదు. "కుంటుతవ్. పెరిగినకొద్ది ఏడాది, ఏడాదిన్నరకు కొత్త కాలు కావాలె. పుండ్లు పడతయి. అయినా నడుస్తవ్."

పిల్ల లేచి బల్ల మీద కూర్చుంది. తర్వాత తాత వైపు తిరిగింది. "కుంటెద్దు ఇల్లు చేరినట్టేనా ముత్యా?"

"చేరినట్టే బిడ్డా."

ఇంతలో మేడం కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "ఇంతకు ఏం ఆడించిండ్రు తాతా?"

"మీరు చెప్పిందే మేడం. మినీ ఆచారి గేమే." రుద్రప్ప మోనాచారిని చూపించాడు. "గీయన్నే చేసిచ్చిండు పీట."

"ఎవరూ?" అన్నది క్రిస్టీనా.

"మేడం," అన్నాడు మోనాచారి, నెలన్నరగా దాచుకున్న కోపాన్ని చేతులు కట్టుకొని మర్యాదగా బయటకు తీస్తూ, "నన్ను మీరెన్నడూ చూడలే. మినీ అని ఎట్లన్నరు?"

క్రిస్టీనా కలం ఆగిపోయింది. రుద్రప్పకు అప్పుడు వెలిగింది. నోటి దాకా వచ్చిన మాటను ఆపుకొని, ముందు మనవరాలి వైపు చూశాడు. నాలుగు నెలల నుంచి ఆ నోట ఒక్క జోకు రాలేదు.

"చెప్పు ముత్యా," అన్నది సుమంగళ. రెండు చేతులతో బల్ల అంచులు గట్టిగా పట్టుకుంది. "నేను కూసునే ఉన్న. పడను."

రుద్రప్ప వచ్చి ఆమె వెనక నిలబడి ఒక చెయ్యి వీపుకు ఆనించాడు. అప్పటికే అక్కడ నందీశ్వర్ చెయ్యి ఉంది. అతను తీయలేదు.

"మేడం అన్నది మినియేచర్ గేమ్స్ అని అయ్యుంటది," అన్నాడు రుద్రప్ప. అవునన్నట్టు క్రిస్టీనా తలూపింది. పీట మీద చిన్న చిన్న బొమ్మలు పెట్టి ఆడే ఆటలను అలా అంటారని చెప్పింది. "నా చెవుల పడ్డది మినీ ఆచారి అని. అడిగితే అంజద్ నీ పేరు చెప్పిండు ఆచారీ. మేడంకు నీ పొడుగు ఎరుకలేదు. తప్పు ఆమెది కాదు, నీది కాదు. నా చెవిది. మినీ నువ్వు కాదు ఆచారీ, నా చెవే."