బరువైన కణం, పడక్కుర్చీ

మనవరాలు గోడమీది తెల్లబోర్డును మళ్లీ తుడిచేసింది. మధ్యాహ్నం సెమినార్. కణభౌతికశాస్త్రంలో తను వేస్తున్న లెక్క సున్నా రాకపోతే ఈ పరిశోధన ఇక్కడితో ఆపేయమని గైడు చెప్పేశాడు. ఇన్నేళ్ల కష్టం. పొద్దున నేను పెట్టిన టిఫిన్ అలాగే ఉంది.

“కాస్త తినవే పిచ్చుకా.”

“సున్నా వస్తే తింటా.”

“రాకపోతే పస్తేనా? ఆ కణాలేమైనా నీకు అత్తగార్లా, అంత భయపడతావు?”

నవ్వింది గానీ పెన్ను వదల్లేదు.

దాని పుస్తకాలు తిరగేసి తిరగేసి నాకూ కొంత తెలుసు. ఒక్కో కణం సిద్ధాంతంలోకి ఒక్కో తేడాను వెంట తెస్తుంది. కొన్ని కూడికలు, కొన్ని తీసివేతలు. అన్నీ కలిపితే ఏమీ మిగలకూడదు. మిగిలిందా, సిద్ధాంతమే చెల్లదు.

“మొన్నటిదాకా సున్నా వచ్చేది కదే?”

“వచ్చేది. అందులో ఒక కణం మరీ బరువు అమ్మమ్మా, మన యంత్రాలకి అందదు. అందుకని తీసేశా. అప్పట్నుంచీ ఇదే గోల.”

తీసేశా అన్న మాట నాకెందుకో గుచ్చుకుంది. ఆయన పోయాక, చూడలేక, ఆయన పడక్కుర్చీని లైబ్రరీకి ఇచ్చేశాను.

కాఫీ కలిపి పిలిచాను. బోర్డు దగ్గర్నుంచి నేరుగా రావచ్చు. కానీ గది మధ్యకి రాగానే పక్కకి ఒదిగి, చుట్టు తిరిగి వచ్చింది.

“ఇంకా తాతయ్య కుర్చీని తప్పుకునే నడుస్తున్నావు,” అన్నాను. “నేనూ అంతేలే. కుర్చీ పోయింది గానీ, దాని చుట్టూ దారి అలాగే ఉండిపోయింది.”

కప్పు అందుకోబోయి ఆగింది. వెనక్కి తిరిగి ఆ ఖాళీ చోటు వంక చూసింది.

“చదువుకున్నదే అమ్మమ్మా. బరువైన కణాన్ని తీసేసినా, మిగిలిన సమీకరణంలో అది ఒక అదనపు పదాన్ని వదిలి వెళ్తుంది. అది తెచ్చిన తేడాని ఇకమీదట ఆ పదమే మోస్తుంది. నేను కణంతో పాటు దాన్నీ చెరిపేశా. మొద్దుని.”

“నా మనవరాల్ని మొద్దంటే ఊరుకోను.”

అది వినే స్థితిలో లేదు. బోర్డు నిండా రాసింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. చివర్న సున్నా పెట్టి, దాని చుట్టూ ఇంకో సున్నా చుట్టింది.

కాఫీ అక్కడే చల్లారింది. “వెళ్లొస్తా” అంటూ చెప్పులేసుకుని పరిగెత్తింది. ఆ మాట ఎవరన్నా నాకు భయమే. చాలామంది అదే మాట చెప్పి వెళ్లారు. గది ఊడుస్తూ నేనూ ఆ చోటు చుట్టూ తిరిగి ఊడ్చాను.

సాయంత్రం ఫోన్ మోగింది.

“ఆపమనలేదు. ఆ పదం మీదే ఇంకో అధ్యాయం రాయమన్నాడు. ఆకలేస్తోంది అమ్మమ్మా, ఏం వండావు?”