మా ఆయన హీరోగా వేసిన సినిమా

మా ఆయన శేషగిరిరావు గారికి సినిమాల పిచ్చి ఉందని పెళ్ళిచూపులప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పినా మా నాన్న వినేవాడా! కుర్రాడు చాట్రాయి వైపు మామిడి తోటలు కౌలుకు చేస్తున్నాడని తెగ మురిసిపోయాడు.

కాయ విరగకాసిన ఏడాది, అంటే ఎనభై నాలుగులో, ఆగిరిపల్లి జోజమ్మ టీచరు గారబ్బాయి జోజిబాబు మా ఇంటికొచ్చాడు. పూనాలో సినిమా చదువు చదివాడు. తోట కూలీల మీద సినిమా తీస్తాడట. సగం డబ్బు ప్రభుత్వం వాళ్ళు అప్పుగా ఇస్తామన్నారు. మిగతా సగం కోసం మద్రాసులో ఎవరి గడప తొక్కినా "పాటలెన్ని? ఫైట్లెన్ని?" అని అడిగారట. ఈ పిచ్చి తండ్రి "ఒక్కటీ లేదండీ" అని చెప్పి చక్కా వచ్చేశాడు.

మా ఆయన పాటల సంగతి అడగలేదు. "అందులో కౌలుదారు వేషం ఎవరిది?" అన్నాడు.

"మీరే వెయ్యండి బాబాయిగారూ. రోజూ తోటలో ఎలా ఉంటారో అలా ఉంటే చాలు."

"అంటే, హీరోనా?"

జోజిబాబు ఈయన మీసం వంక ఓసారి చూశాడు. "సినిమా అంతా మీ చుట్టూనే తిరుగుతుందండీ" అన్నాడు.

ఇంకేముంది! డబ్బిచ్చాడు, తోటిచ్చాడు, నన్ను వంటమనిషిని చేసి వదిలాడు. కూలీల వేషాలు మా కూలీలే వేశారు. అందరిలోకీ పెద్ద వేషం కాయలు ఏరే నాగేశ్వరమ్మది. కెమెరా వంక చూడకుండా ఆ పిల్ల తన పని తను చేసుకుపోతుంటే, ఈయన మాత్రం షాటు షాటుకీ మీసం దువ్వుకునేవాడు.

తీయడం ఒక ఎత్తు, జనానికి చూపించడం ఇంకో ఎత్తు. బెజవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్లకి వేసి చూపిస్తే ఇంటర్వెల్‌కే లేచారు. పోతూ పోతూ ఒకాయన జోజిబాబు భుజం తట్టి, "ఢిల్లీకి పంపు బాబూ, ప్రైజొస్తుంది. ఇక్కడ టిక్కెట్లు తెగవు" అన్నాడట. మా ఆయన ఆ ఆటకి వెళ్ళలేదు. మన జనం మధ్య కూర్చునే చూస్తానని భీష్మించుకున్నాడు. "ఎవడూ కొనకపోతే మనమే ఆడిద్దాం" అని నూజివీడులో ఓ హాలు మార్నింగ్ షోకి అద్దెకి మాట్లాడాడు. ఉన్నది ఒక్క ప్రింటు. వారం ఆడితే గుడివాడ హాలువాళ్ళు తీసుకుంటామన్నారు. ఇక్కడ ఆడకపోతే డబ్బా అటకెక్కడమే.

వాల్‌పోస్టర్ల మీద సినిమా పేరు చిన్నది, ఈయన ముఖం పెద్దది. జీపుకి మైకు కట్టించి, "మీ శేషగిరిరావు హీరోగా!" అని మామిడి మార్కెట్టంతా హోరెత్తించాడు. నాకు సిగ్గూ వేసింది, లోపల్లోపల ముచ్చటా వేసింది.

శుక్రవారం హాలు నిండింది. కూలీలు పని మానుకుని మరీ వచ్చి నేల మీద కూర్చున్నారు. ఈయన కనపడగానే ఒకటే ఈలలు! నా చెయ్యి గిల్లి, "చూశావుటే!" అన్నాడు.

తర్వాత కూలి డబ్బులిచ్చే సీనొచ్చింది. నాగేశ్వరమ్మ చంకలో బిడ్డతో దోసిలి పట్టింది. ఈయన చెయ్యి తగలకుండా జానెడు పైనుంచి డబ్బులు వదిలాడు. రూపాయి బిళ్ళ ఒకటి దోసిట్లో పడక ఎండుటాకుల్లోకి దొర్లిపోయింది. ఈయన అటు చూడనైనా చూడకుండా "ఊఁ, తర్వాత" అన్నాడు. బిడ్డని కింద దింపి, మోకాళ్ళ మీద వంగి, ఆకులు తోసుకుంటూ ఆ పిల్ల ఎంతసేపు వెతికిందో! జోజిబాబు కెమెరా పక్కకి తిప్పలేదు. హాల్లో ఈలలు ఆగిపోయాయి. నేను ప్రతి శనివారం చూసేదే. అంత పెద్దగా మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఆట అయ్యాక కూలీలంతా ఈయన చుట్టూ మూగారు. "ఎంత బాగా చేశారయ్యగారూ! అచ్చు మీరే!" అన్నాడు కావిళ్ళు మోసే యలమంద. వాడి మాటలో వెటకారం ఏ కోశానా లేదు. మెచ్చుకున్నాడంతే.

ఈయన తిన్నగా ప్రొజెక్టరు గదిలోకెళ్ళి రీళ్ళ డబ్బా ఇంటికి పట్టుకొచ్చేశాడు.

"ఆ సీను కోసెయ్యి. కోస్తేనే ఆడుతుంది, లేకపోతే లేదు" అన్నాడు జోజిబాబుతో.

"అది తీసేస్తే ఇంక సినిమా లేదు బాబాయిగారూ" అన్నాడు వాడు. రెండేళ్ళు తిండీ నిద్రా మాని తీశాడు. అన్నం పెడతానన్నా లేవకుండా మా అరుగు మీదే కూలబడ్డాడు.

నాకు ఒళ్ళు మండింది. "నలుగురిలో తలెత్తుకోలేనని కదూ మీ ఏడుపు? మరి ఆ పిల్ల వారం వారం తల వంచుకుని వెతుక్కుంటుంటే ఏమైందండీ మీకు?" అని కడిగేశాను. మర్నాడు ఆట ఆగిపోయింది. ఈయన తోటకి రానని ముసుగు తన్ని పడుకున్నాడు. కూలి ఇవ్వడానికి నేనే వెళ్ళాను.

నాగేశ్వరమ్మ డబ్బులు కొంగున కట్టుకుంటూ, "అయ్యగారికి ఒంట్లో బాగాలేదాండీ? సినిమాలో ఆయన్ని అలా చూపించారని బాధపడుతున్నారేమో. పట్టించుకోవద్దని చెప్పండమ్మా. ఆయన మంచోరే" అంది.

ఇంటికొచ్చి పొల్లుపోకుండా ఈయనకి చెప్పాను. వింటూ వింటూ గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతుంటే చూసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఎంత కోపమున్నా మొగుడే కదా, జాలేసింది.

ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, డబ్బా తనే హాల్లో ఇచ్చేసి, నన్ను జీపెక్కమన్నాడు. మార్కెట్టు మధ్యకొచ్చేసరికి మైకు కుర్రాడు అలవాటుగా "మీ శేషగిరిరావు హీరోగా" అని ఎత్తుకున్నాడు. ఈయన మైకు లాక్కున్నాడు.

"అయ్యా, నేను శేషగిరిరావుని. నేను హీరోని కాదు. అందులో మా నాగేశ్వరమ్మ చేతిలో నేను కూలి డబ్బులు పెట్టను. పైనుంచి పడేస్తాను. అది నటన కాదు, నాకు అలవాటు. ఆవిడ మట్టిలో వెతుక్కుంటుంది." నేను వీపు మీద చెయ్యి వేశాను. "మీరూ అలాగే ఇస్తారు. నేను చూశాను. వచ్చి తెర మీద చూసుకోండి. పదకొండింటికి ఆట."

నాకు కళ్ళు చెమర్చాయి. ఎదురు కొట్టు షావుకారు తన హమాలీకి డబ్బులు వదలబోతున్నవాడల్లా చెయ్యి పైనే ఆపేసి మా వంక చూశాడు. కింద దోసిలి పట్టుకున్న హమాలీ మాత్రం మమ్మల్ని చూడలేదు. ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.