నాలుగు బండల జాగ

రబ్బరు పైపు కొస నోట్లో పెట్టుకుని జయరాజ్ ఒక్క గుక్క లాగాడు. వారం రోజులుగా ఆకుల నడుమ గిన్నెలో నిలిచినట్టు నిలిచిన నీళ్లు నాచువాసనతో పైకి ఎగబాకాయి. పెదవికి తగలకముందే పైపు కొసను బకెట్‌లోకి వంచేశాడు. నీళ్లతో పాటు దోమపిల్లలు గిలగిలలాడుతూ పడ్డాయి.

ఆ బుధవారం పొద్దున అతని దగ్గర ఉన్నవి ఇవి: ఒక వంకర కత్తి, గజం పైపు, ఏసీ కింద పట్టిన నీళ్ల క్యాను, నల్లదారం ఉండ, వారానికి ఆరిళ్ల పని, యాభై ఏడేళ్ల వయసు, రెండు మోకాళ్లు. మోకాళ్లలో మాట వినేది ఒకటే. లేనిది కూడా ఒకటే. చేవెళ్ల రోడ్డు నర్సరీలో ఇరవై ఒక్క ఏళ్లు, మొయినాబాద్ విల్లాల్లో తొమ్మిదేళ్లు, ఎన్ని వేల మొక్కలు అతని చేతుల మీదుగా పెరిగాయో. తనదని చెప్పుకోవడానికి వాటిలో ఒక్కటీ లేదు.

ఎదురుగా ఉన్న మొక్క అనాసకు దగ్గరి చుట్టం. నర్సరీవాళ్లు బ్రొమీలియాడ్ అంటారు. జయరాజ్‌కు అది పెద్ద అనాస. మూడడుగుల ఎత్తు, నాలుగు వేళ్ల వెడల్పు ఆకులు, అంచులకు రంపపు పళ్లు. ఆ ఇంటావిడ సుబ్బులు తెనాలి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గంగాళంలో, మెట్ల పక్కన, అది కొలువు తీరి అయిదేళ్లయింది.

అప్పుడు కుదిరిన ఒప్పందంలో ఇద్దరికీ చెరో షరతు ఉంది. ఆమెది: గంగాళం చుట్టూ నేల మీద పరిచిన నాలుగు బండల జాగ, ఆకు కొస ఏ వైపూ దాన్ని దాటకూడదు. దాటిన రోజే మాలీకి ఆఖరు. అతనిది: మొక్క పువ్వు వేశాక దాని మొదట్లో పుట్టే పిలకలు మాలీవి. విల్లాల మాలీలందరికీ అది ఆనవాయితీ. పిలక విలువ ఏమిటో తెలియక సుబ్బులు ఒప్పుకుంది. తెలిశాక, తనచేత ఒప్పించినందుకు అతన్ని ఏనాడూ క్షమించలేదు.

అప్పటి నుంచి ప్రతి బుధవారం యుద్ధమే. అతను అటంటే ఆమె ఇటు. వెలుతురు తగిలితే ఆకు బిగువుగా, పొట్టిగా ఉంటుందంటే కిటికీ తెర మూసేది. ఎరువు పెడితే ఒళ్లు పెంచుతుందంటే కాఫీపిప్పి తెచ్చి కుమ్మరించేది. ఆమె అటు తిరగ్గానే అతను ఎత్తి పారేసేవాడు. ఒకసారి ఆకుల కొసల్ని జుట్టు కత్తిరించినట్టు కత్తెరతో కత్తిరించి, అవి ఎండి గోధుమరంగు తిరిగితే, “ఏం మందు కొట్టావయ్యా?” అని నింద అతని మీదే వేసింది. అయినా అయిదేళ్లు అతను ఆకును ఆ నాలుగు బండల గీత దాటనివ్వలేదు. కింద ముదిరిన ఆకుల్ని ఒలిచాడు. వారం వారం మొక్కను పావు వంతు తిప్పాడు.

ఆరు నెలల కిందట నడుమ నుంచి ఎర్రటి కంకి లేచింది. సుబ్బులు ఫొటోలు తీసి విల్లా గ్రూపులో పెట్టుకుని మురిసింది. జయరాజ్ పువ్వు వైపు చూడలేదు. వంగి మొదట్లో చూశాడు. ఈ మొక్కకు పువ్వు ఒక్కసారే. ఆ తర్వాత తల్లి మెల్లగా పోతుంది, పిలకలు మిగులుతాయి. మూడు వచ్చాయి. తల్లి ఎత్తులో మూడో వంతు రానిదే పిలకను కోయకూడదు. ముందే కోస్తే వేరుండదు, కుళ్లుతుంది. ఆగితే అవి లావెక్కి తల్లి ఆకుల్ని బయటికి నెడతాయి, గీత దాటిస్తాయి. ఈ ఇంటి పని నిలవాలంటే పిలకలు చావాలి. పిలకలు బతకాలంటే ఆ పని పోయేలా ఉంది.

అతను పిలకల వైపే మొగ్గాడు. ఎంకపల్లిలో తన ఇంటి వెనక మంచి నీడ ఉంది. ఒకటి మూడేళ్లకు మూడు, ఆ మూడు ఆరేళ్లకు తొమ్మిది. మోకాలు పూర్తిగా మొండికేసే నాటికి కూర్చున్న చోట అమ్ముకునే సరుకు. మెట్ల వైపు గీత దాటిన ఆకును నల్లదారంతో వెనక్కి లాగి కట్టాడు. దారం పదకొండు వారాలు ఆగింది.

ఈరోజు మెట్లు దిగుతున్న సుబ్బులు చీర కుచ్చెళ్లు ఆ దారానికే తగులుకున్నాయి. విసురుగా లాక్కుంది. దారం తెగి, ఆకు చప్పుడు చేస్తూ అయిదో బండ మీద వాలింది.

“ఏంటయ్యా ఇది?”

“ఆకు, అమ్మా.”

“ఆకని నాకూ తెలుసు. ఈ దారమేంటి? అయిదేళ్లుగా నా కళ్లకు గంతలు కడుతున్నావా?”

“అయిదేండ్లు కాదమ్మా. పదకొండు వారాలు.”

“అబ్బో, దొంగతనానికి లెక్క కూడా రాసుకున్నావు!”

“దొంగనైతే ఎప్పుడో కోస్కపోతుంటి. మీ ముంగటనే కట్టిన. మీరు ఫొటోల కాడ ఉన్నరు.”

భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందున్న ఆమె భర్త కృష్ణారావు తల ఎత్తకుండా, “మ్యూట్‌లో ఉన్నాను, కానివ్వండి,” అన్నాడు.

“ఇవాళ్టితో నీకు ఆఖరు. మాటంటే మాటే,” అంది సుబ్బులు.

“మాటంటే మాటనే. పిలకలు నావి.”

“గీత దాటించినవాడికి పిలకలేంటి?”

“గీత దాటితే పని పోతదన్నరు. పిలకలు పోతయనలే.”

సుబ్బులు కయ్యానికి కాలు దువ్వుతుందే తప్ప అన్నమాట లేదనే మనిషి కాదు. కాసేపు గంగాళం చుట్టూ తిరిగి చూసింది. “మూడూ ఇవ్వను. పెద్దదొక్కటన్నా తీసుకో, చిన్నవి రెండన్నా తీసుకో. మిగిలింది నాది.”

పెద్దది మూరెడుంది. కోతకొచ్చిందంటే అదొక్కటే. చిన్నవి జానెడు కూడా లేవు, ఇవాళ కోస్తే వారానికి మెత్తబడిపోతాయి. తల్లిని పట్టుకుని ఉంటేనే వాటికి బతుకు. జయరాజ్ చిన్నవాటిని రెండు చేతులా తడిమాడు. మొహంలోకి ఆశ తెచ్చుకున్నాడు.

“చిన్నయి రెండు నాకియ్యుండ్రి. ఒకటికి రెండైతయి. ముదురుది మీరే ఉంచుకోండి.”

సుబ్బులు కళ్లు చిన్నవయ్యాయి. “అంత ధారాళంగా ఇస్తున్నావంటే దాన్లో ఏదో తిరకాసుంది. ఆ ముదురుదే నువ్వు పట్టుకుపో. రెండూ ఇక్కడే ఉంటాయి.”

“గట్లంటే ఎట్లమ్మా? జర ఆలోచించు…”

“కత్తి తియ్యి.”

ఆమె వంటింట్లోకి వెళ్లింది. అతను మోకాలు పట్టుకుని కూర్చుని, గంగాళం పైన పరిచిన గులకరాళ్లు పక్కకు నెట్టి, తల్లికీ పిలకకూ మధ్యనున్న బొటనవేలంత కాడను ఒక్క కోతలో తెంపాడు. అయిదు తెల్లటి వేర్లతో పిలక చేతికొచ్చింది. రాళ్లు మళ్లీ సర్దేశాడు.

సుబ్బులు పసుపు డబ్బా తెచ్చి బండ మీద ఠంగున పెట్టింది. “కోసిన చోట అద్దు. కుళ్లిపోయిందని రేపొచ్చి నా మీద పడతావు.”

“రేపెందుకొస్తనమ్మా?”

అతను రెండు గాయాలకూ పసుపు అద్దాడు. “ఏడాదిల తల్లి పోతది. చిన్నయి దాన్నే పట్టుకోని ఉండనియ్యుండ్రి. ఇంకోమాట…”

“నీ మాటలు చాలు. ఇంకొకళ్లని పెట్టుకుంటాను, నీకన్నా బాగా చేస్తారు.”

“చేస్తరు,” అన్నాడు జయరాజ్. అసలు విషయం నోటి దాకా వచ్చింది, మింగేశాడు.

ఆకుల నడుమ కొత్త నీళ్లు పోసి, బకెట్ కడిగి బోర్లించి, అయిదో బండ మీద పడిన తడిని గుడ్డతో తుడిచాడు. పిలకను తడి గోనెసంచిలో చుట్టుకుని గేటు దాటాడు.

ఎంకపల్లి పోయే ఆటోలో, గోనెసంచి ఒళ్లో పెట్టుకుని లెక్క చూసుకున్నాడు. పోయింది ఆరిళ్లలో ఒకటి, తనతో సరిసమానంగా కొట్లాడగలిగిన ఒక్క మనిషి. వచ్చింది మూరెడు పిలక, అయిదు వేర్లు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి చేతిలో ఉన్న మొక్క తనది.

అక్కడ, రెండు బారల చుట్టుకొలత ఉన్న ఇత్తడి గంగాళంలో, గులకరాళ్ల కింద, అయిదేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ చూడని చోట, మొక్క గీత దాటకుండా ఉండాలని జయరాజ్ దించిన జానెడు నల్ల ప్లాస్టిక్ కుండీ ఒకటి ఉంది. అంత పెద్ద మొక్క వేర్లన్నీ అందులోనే చుట్టలు చుట్టుకుని, ఇంతకన్నా ఎదగడానికి చోటు లేక, పగిలిన అంచును పట్టుకుని ఉన్నాయి.