చౌడయ్య నడుము ఫిల్ము

నేను ఒక నల్లటి ఫిల్మును. పెద్ద గొట్టంలాంటి స్కానింగ్ యంత్రంలో చౌడయ్య అనే నేతగాడు కదలకుండా పడుకుని ఉండగా, ఆయన నడుములోంచి పుట్టాను. మీ పిల్లలు మీ ముక్కో చెవో తెచ్చుకుంటారు. నేను ఆయన వెన్నెముకనే తెచ్చుకున్నాను. బతికున్న మనిషి ఎముకలు మోసుకు తిరగడమంటే నాకే ఒళ్లు జలదరిస్తుంది.

ఒక మూల నా పుట్టిన తేదీ అచ్చయి ఉంది. అది మంగళవారం. నడుము కింది భాగంలో పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల జారి, నరాల కట్టను నొక్కేస్తోంది. చదువు రానివాడికైనా కనిపిస్తుంది. అయితే నాకో అవిటితనం ఉంది, వెనక వెలుతురు పెడితే తప్ప నాకు నోరు రాదు. మర్నాడు ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగారు నన్ను కవరులోంచి తీశారు. ఎత్తి చూస్తారని ఎదురుచూశాను. ఆయన నన్ను బల్ల మీద పరిచి, నా మీద చీటీ పెట్టుకుని మందులు రాయడం మొదలుపెట్టారు. రాసుకోవడానికి మంచి అట్ట దొరికిందన్నమాట!

"కాళ్లు తిమ్మిరి సార్. ఒంటేలు కూడా సరిగ్గా రావట్లా," అన్నాడు చౌడయ్య.

"గుంట మగ్గంలో కూర్చునేవాళ్లందరిదీ ఇదే గోలయ్యా. పదిహేను రోజులు మగ్గం మానెయ్, అదే తగ్గుద్ది," అన్నారాయన తలెత్తకుండా.

నలుగుతున్న ఆ నరం మీదుగానే పెన్ను గీసుకుంటూ పోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

పదకొండో రోజుకు చౌడయ్య కాళ్లు పూర్తిగా చచ్చుబడ్డాయి. పెద్ద ఊళ్లో ఆపరేషన్ చేసిన డాక్టరు నన్ను వెలుతురుకు పట్టి, "ఇది తీసినప్పుడే వచ్చి ఉంటే నడిచేవాడు," అన్నారు. ఇంటికొచ్చాక చౌడయ్య నన్ను కిటికీ ఊచలకు కట్టించుకుని, మంచం మీదనుంచి పగలంతా చూస్తూ ఉండేవాడు. నా ఎముకల సందుల్లోంచి వసారాలోని ఖాళీ మగ్గం గుంట కనిపించేది. ఎవరూ లేని గుంటలో కాళ్లతో తొక్కే చెక్కలు టకటకమంటున్నాయని ఆయన అనేవాడు. భార్య సుబ్బరత్నం భయపడి వెళ్లి చూసి, ఏమీ లేదని చెప్పేది. ఆ చప్పుడు నాకూ వినిపించేది. ఎవరితో చెప్పను?

పరిహారం కోరుతూ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశారు. అసలు ఫిల్ము తమకు చూపించనేలేదని ఆసుపత్రివాళ్లు జవాబిచ్చారు. పైగా, ఇంట్లో భార్య మోటుగా నడుము మర్దన చేసిందనీ, దానివల్లే నరం చితికిపోయిందనీ రాశారు. మందుల చీటీ ఎప్పుడో పోయింది, కాదనడానికి ఆధారం లేదు. మర్దన చేసిన మాట మాత్రం నిజం. ఆ జవాబు విన్న రోజు నుంచి సుబ్బరత్నం మొగుణ్ణి ముట్టుకోవడం మానేసింది. ఆయన్ని లేపాలంటే పక్కింటివాళ్లను పిలిచేది. తన చేతులు కొంగులో చుట్టుకుని దూరంగా కూర్చునేది. ఆమెను చూస్తే నాకు చౌడయ్య మీదకన్నా ఎక్కువ జాలి వేసేది.

వాదనల రోజున కమిషన్ సభ్యురాలు నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా తిప్పి, ఉన్నట్టుండి ఆగిపోయారు. ఎముకల మీద అక్షరాలు లేచాయి. అవి డాక్టరుగారి పెన్ను నొక్కులు. బుధవారం తేదీ, మందుల పేర్లు, చివర ఒక నూనె, రోజుకు రెండుసార్లు నడుముకు మర్దన చేయాలన్న సూచన, కింద సంతకం. డాక్టరుగారు మరొకరి వెన్నెముక మీద తన చేతిరాతను గుర్తుపట్టి కళ్లు దించుకున్నారు.

తీర్పు నెల తిరిగాక వచ్చింది. ఆసుపత్రి పరిహారం కట్టాలి. నేనిప్పుడు కమిషన్ రికార్డు గదిలో, చీకటి బీరువాలో ఉన్నాను. నాలో ఎప్పటికీ ఆ మంగళవారమే, చౌడయ్య ఇంకా నడవగలిగిన రోజే. లోపలికి రాకముందు చూసిన ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను.

తీర్పు రోజున కమిషన్ వరండాలో సుబ్బరత్నం తమ వకీలుగారిని ఆపింది. "అయ్యా, నా చేతుల వల్ల కాదా అయితే?"

"కాదమ్మా. మీరు ముట్టుకోకముందే నరం నలిగిపోయింది. తీర్పులో అదే రాశారు."

ఆమె చక్రాల కుర్చీ పక్కన కూలబడి, కొంగులోంచి చెయ్యి తీసి, ఎన్నో నెలల తరవాత మొగుడి మోకాలి మీద వేసింది. చౌడయ్య మెట్లు దిగిపోతున్న జనాన్ని చూస్తున్నాడు. చాలాసేపటికి తల వంచితే గాని ఆ చెయ్యి అక్కడుందని ఆయనకు తెలియలేదు.