జేబు మీద పేరు

మలికిపురం సెంటర్లో కట్టిన ఆ ఫ్లెక్సీని మా ఇంట్లో మొదట చూసింది నేనే. చంటిదాన్ని చంకనేసుకుని, దానికి జలుబు మందు కొందామని పొద్దున్నే వెళ్ళాను. రోడ్డు పక్కన గోడంత ఎత్తున ఉంది. ‘వింగ్ కమాండర్ కృష్ణవేణి, సోమేశ్వరరావు దంపతులకు ఘన సన్మానం’ అని రాసి, కింద ఇద్దరి ఫొటోలు వేశారు. మా ఆడపడుచు కృష్ణవేణి వదినగారు పట్టుచీరలో, తలనిండా పూలతో ఉన్నారు. పక్కన ఆవిడ భర్త, అన్నయ్యగారు, ఎయిర్‌ఫోర్స్ యూనిఫాంలో ఉన్నారు.

అన్నయ్యగారిది కొబ్బరికాయల వ్యాపారం. పద్నాలుగేళ్ళు హెలికాప్టర్ నడిపింది వదినగారు.

దగ్గరికెళ్ళి చూస్తే మెడ దగ్గర అతుకు తెలుస్తోంది. వదినగారి ఫొటోలో తల తీసేసి అన్నయ్యగారి తల పెట్టారు. జేబు మీద పేరు మాత్రం మార్చలేదు. కృష్ణవేణి అనే ఉంది.

నాకు ఏం జరిగినా ముందు భయమే వేస్తుంది. ఆ రోజు పంద్రాగస్టు. ఈ సన్మాన సభ పెట్టించింది మా ఆయన నాగబాబు. సొంత అక్కకి ఊళ్ళో సన్మానం చేయించాలని నెలరోజులు తిరిగాడు. చెప్పకపోతే ఏమవుతుందో, చెబితే ఏమవుతుందో తేల్చుకోలేక చివరికి వదినగారికే ఫోన్ చేశాను. స్కూటీ మీద వచ్చి, ఫ్లెక్సీ కేసి కాసేపు చూసి, నన్ను వెనక ఎక్కించుకుని తిన్నగా బాబ్జీ షాపుకి పోనిచ్చారు. ఫ్లెక్సీలు వేసేది అతనే.

“ఆడవాళ్ళు చీరలో అయితే నిండుగా ఉంటారని మార్చేనండి మేడమ్,” అన్నాడు బాబ్జీ. “దంపతులన్నాక ఆయన యూనిఫాంలో, మీరు చీరలో ఉంటే చూడముచ్చటగా ఉంటదండి.”

“నీ షాపు బోర్డు మీద నీ తల తీసేసి మా ఆయన తల పెడితే ఊరుకుంటావా?”

“అదేంటండీ, షాపు నాదైతేను.”

“ఆ యూనిఫాం నాది.”

బాబ్జీ తల గోక్కున్నాడు. “నా అంతట నేను చెయ్యలేదండి. నిన్న సాయంత్రం సోమేశ్వరరావుగారికి చూపించేను. బావుంది, ఉంచెయ్యి అన్నారు. ఆయ్, ఆయనే అన్నారండి.”

అంతవరకూ ఆవిడకి వచ్చింది మామూలు కోపం. తిరుగుదారిలో ఒక్క గోతి దగ్గర కూడా బండి నెమ్మది చెయ్యలేదు. నేను చంటిదాన్ని గుండెకి అదుముకుని కూర్చున్నాను.

మేం ఇంటికెళ్ళేసరికి అన్నయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని అద్దం ముందు తల దువ్వుకుంటున్నారు.

“ఎందుకు ఉంచమన్నారు?” అన్నారు వదినగారు.

“ఏది? ఓ, అదా. వాడేదో ముచ్చటపడి చేసేడు. మనిద్దరం వేరా ఏంటి, వేణీ?”

“వేరే. సాయిదుర్గని ఆర్నెల్ల పిల్లప్పుడు మా అమ్మ చేతిలో పెట్టి అస్సాం వెళ్ళేను. పాలు పొంగి యూనిఫాం తడిసిపోయేది. లోపల గుడ్డలు కుక్కుకుని వరద మీద తిరిగేను. అప్పుడు మీరు ఫోన్ చేసి ఏమన్నారు? పిల్లని వదిలేసిందానివి, నువ్వేం తల్లివన్నారు. ఆ మాట చెవిలో ఉండగానే వెళ్ళి డాబా మీంచి ఒక బాలింతని పైకి లాగించేను. ఆవిడ హెలికాప్టర్లో కూర్చుని బిడ్డకి పాలిస్తుంటే, వెనక్కి తిరిగి చూడలేకపోయేను.”

“పాతవన్నీ ఇప్పుడెందుకు?”

“పాతవాటికే కదా ఇవాళ సన్మానం. నేను ఉన్న ఒక్క ఊరికైనా వచ్చేరా మీరు? ఎవరైనా అడిగితే ఎయిర్‌ఫోర్స్‌లో ఆఫీసు పని అని చెప్పేవారు. పెళ్ళాం హెలికాప్టర్ తోలుతుందంటే కాయల మార్కెట్లో నవ్వుతారని సిగ్గు. ఇప్పుడు దండలేస్తారని తెలిసేసరికి నా మెడ మీద మీ తల పెట్టించుకున్నారు.”

“నెమ్మదిగా. పద్మ వింటోంది.”

“వినాలి.”

ఇంటర్ మొదటి ఏడాదిలో నా పుస్తకాలు అటక ఎక్కించి పెళ్ళి చేశారు. అప్పుడు కూడా నాకు కోపం రాలేదు, భయమే వేసింది. ఆ గుమ్మంలో నిలబడి వింటుంటే మాత్రం చెవులు వేడెక్కాయి.

ఇంతలో మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. “అక్కా, పెద్దలంతా వచ్చేసేరు. ఫ్లెక్సీ సంగతి తర్వాత చూద్దాం. నా పరువు తియ్యకు, దండం పెడతాను.”

“వస్తాన్రా. స్టేజీ మాత్రం ఎక్కను. మీ బావ ఎక్కుతారు, బొమ్మ ఆయనదే కదా.”

అన్నయ్యగారు నవ్వేశారు. చివరికి ఆవిడే ఎక్కుతుందనుకున్నట్టున్నారు. ఎక్కలేదు. సెంటర్లో ఆ ఫ్లెక్సీ పక్కనే వేసిన స్టేజీ ముందు, ఆడవాళ్ళ వరసలో కూతురు సాయిదుర్గ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. అమలాపురం నుంచి వచ్చిన ముఖ్య అతిథి కామేశ్వరరావుగారికి ఈ మొగుడూపెళ్ళాల సంగతి తెలియదు. ఫ్లెక్సీ చూసి శాలువా అన్నయ్యగారికే కప్పి, మైకు ఆయన చేతికే ఇచ్చారు.

“హెలికాప్టర్లో వెళ్ళి జనాన్ని ఎలా కాపాడేరో పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పండి సార్.”

వెనక కాయల మార్కెట్ వాళ్ళు కిసుక్కుమన్నారు. అన్నయ్యగారు వదినగారి కేసి చూశారు. “మా ఆవిడ చెబుతుందండి,” అన్నారు.

వదినగారు కుర్చీలోంచే, “నేను చెప్పను. ఆయన్నే చెప్పనివ్వండి,” అన్నారు.

సాయిదుర్గ తండ్రి మొహంలోకే చూస్తోంది. ఆయన మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. నుదుటి మీద చెమట నా దాకా కనిపిస్తోంది.

“తోలింది నేను కాదండి, ఆవిడ,” అన్నారు చివరికి. “ఈ ఫొటో నిన్ననే చూసేను. తప్పని తెలుసు. నేనే ఉంచమన్నాను.”

ఎవరూ నవ్వలేదు. ఆయన దిగివచ్చి శాలువా వదినగారి భుజాల మీద కప్పబోయారు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపారు.

“మీరు కప్పక్కర్లేదు. ఇచ్చినాయన్ని వచ్చి ఇమ్మనండి.”

కామేశ్వరరావుగారు గబగబా మెట్లు దిగుతున్నారు. మా ఆయన నా పక్కకి వచ్చి, “నువ్వే కదా అక్కకి ఫోన్ చేసింది,” అన్నాడు పళ్ళు బిగించి.

“ఆయ్, నేనే,” అన్నాను. చంటిదాన్ని ఆయన చేతిలో పెట్టి, ఫ్లెక్సీ తాళ్ళు విప్పడానికి లేచాను.